ఏడో నంబరు

ఫిబ్రవరి 5, సోమవారం

పొద్దున్నుంచి రేడియోలో ఖురాన్ పారాయణం తప్ప ఇంకేమీ రావడం లేదు. వార్తలు లేవు, పాటలు లేవు. వాతావరణం కూడా చెప్పలేదు.

ఆఫీసులో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మా యూనివర్సిటీ రికార్డుల సెక్షన్‌లో ఉన్నది ఇద్దరమే, రిజిస్ట్రార్ ఉస్తాద్ మునీబ్, నేను. ఆయన లేచి సౌండు తగ్గించాడు. కూర్చున్నాడు. మళ్ళీ లేచి పెంచాడు. తగ్గిస్తే అగౌరవం. పెంచితే మనకి ముందే ఏదో తెలిసినట్టు. చివరికి, అమ్మాయీ, మామూలు రోజుల్లో సౌండు ముల్లు ఎక్కడుండేది అని నన్నే అడిగాడు. ఇద్దరికీ గుర్తు రాలేదు.

రెండు గంటలకి చెప్పారు. నాయకుడు కన్నుమూశారు.

వరండాలోకి అన్ని సెక్షన్ల వాళ్ళూ వచ్చారు. ముందు ఎవరు ఏడుస్తారా అని ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. ఉస్తాద్ మొదలుపెట్టాడు, ఆ తర్వాత అందరూ. నాకు రాలేదు. కిందటేడు చచ్చిపోయిన మా తెల్లమేకని తలచుకున్నాను. అప్పుడొచ్చింది.

ముప్పై ఒక్క ఏళ్ళు ఏలాడు. నాకు ఇరవై ఆరు. గోడ మీద ఇంకొకరి ఫొటో ఎలా ఉంటుందో ఊహకి అందడం లేదు.

ఫిబ్రవరి 6, మంగళవారం

రొట్టెల కొట్టు కూడా మూసేశారు. మిగిలిన ఎండు రొట్టె టీలో ముంచుకు తిన్నాను.

ఫిబ్రవరి 8, గురువారం. సాయంత్రం

అంత్యక్రియలు. యూనివర్సిటీ వాళ్ళందరం ఆరు గంటలు నడిచాం. ఎవరి పక్కన ఎవరు నడవాలో కూడా రాసి ఇచ్చారు. నా పక్కన ఉండాల్సినామె రాలేదు. ఆ ఖాళీతోనే నడిచాను. దగ్గరకి జరగొద్దన్నారు, వరస చెడుతుందట.

ఇంటికి వచ్చేసరికి నేను అద్దెకుంటున్న ఇంటావిడ సిత్ వర్దా మెట్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ భర్త పోయి ఇరవై ఏళ్ళు. అప్పట్నుంచీ నల్లబట్టలే. ఊరంతా నల్లగుడ్డ కోసం కొట్టుకు చస్తోంది పిల్లా, ఈ ఒక్కరోజుకి నేనే ఫ్యాషన్‌లో అందరికన్నా ముందున్నా అంది. నవ్వాలో వద్దో తెలియక లోపలికి చూశాను. గోడలకి చెవులుంటాయని చూస్తున్నావా, ఈ గోడలకి పెచ్చులూడిపోయాయి, చెవులెక్కడివి అంది. చక్కెర లేని కాఫీ ఇచ్చింది. నలభై రోజులూ ఏ ఇంట్లోనూ తీపి కాఫీ దొరకదు.

తర్వాత ఎవరు అని నేను అడగలేదు. ఆవిడే చెప్పింది. ఇంకెవరే, కొడుకే, ఇరవై ఎనిమిదేళ్ళ కుర్రాడు, ముక్కు మాత్రం తల్లిది. కానీ ఓ చిక్కుంది అంది. యాభై రెండో అధికరణం.

నాకూ గుర్తొచ్చింది. ఆరో క్లాసులో బట్టీ పట్టించారు. దేశాధ్యక్షుడయ్యే వ్యక్తి స్వదేశీ విశ్వవిద్యాలయంలో పట్టా పొందినవాడై ఉండవలెను. ఈ ముక్క రాయించింది పెద్దాయనే అని సిత్ వర్దా అంది. వాళ్ళ తమ్ముడొకడుండేవాడు, సైన్యంలో పెద్ద పదవి, చదువు మాత్రం ఆరో క్లాసు. వాణ్ణి కుర్చీ దగ్గరకి రానివ్వకుండా ఈ గడియ బిగించాడు, ఇప్పుడు సొంత కొడుకే తలుపు బయట నిలబడ్డాడు అంది. కొడుకు ఇక్కడ ఎక్కడా చదవలేదు. ఎక్కడో విదేశంలో కార్లు నడిపి వచ్చాడంటారు.

అయితే ఏం చేస్తారు అన్నాను. ఏముంది, తలుపన్నా కోస్తారు, పిల్లాణ్ణన్నా పొడుగు చేస్తారు అంది.

ఫిబ్రవరి 10, శనివారం

ఈ రోజు వార్తల్లో కొడుకు పేరుకి ముందు ఇంజనీర్ అన్నారు. మూడుసార్లు. ఉస్తాద్ సీలు వేస్తున్నవాడల్లా చెయ్యి గాల్లోనే ఆపేశాడు.

ఫిబ్రవరి 12, సోమవారం

ఒక మనిషి వచ్చాడు. మంచి అత్తరు వాసన. పేరు చెప్పలేదు, అబూ నవార్ అనండి చాలన్నాడు. నన్ను చెల్లెమ్మా అని పిలిచాడు. కుర్చీలో కూర్చునే ముందు రుమాలుతో తుడిచి, ఆ రుమాలుని మళ్ళీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

నాలుగేళ్ళ కిందటి వ్యవసాయ ఇంజనీరింగ్ రిజిస్టర్ తెమ్మన్నాడు.

అది నా బ్యాచ్. అంతే కాదు, ఆ రిజిస్టర్ రాసింది నేనే. చదువు అయిపోగానే ప్రభుత్వం నన్ను పొలానికి పంపకుండా ఇక్కడ వేసింది, చేతిరాత బావుందని. మొదటి పని అదే ఇచ్చారు. నూట పన్నెండు పేర్లు. వరస అక్షరాలది కాదు, మార్కులది. ఏడో గీత మీద నా పేరు నేనే రాసుకున్నాను. ఫిద్దా, తండ్రి ఖలఫ్, తాత జాసిమ్, తల్లి తర్ఫా, ఊరు ఐన్ జర్దా. తాత పేరు రాస్తున్నప్పుడు కలం ఆగింది. మా వంశంలో ఒకరి పేరు కాగితం మీదకి ఎక్కడం అదే మొదలు, పన్ను వసూలు జాబితాలు తప్ప.

అబూ నవార్ మొదటి పేజీ చాలాసేపు చూశాడు. చేతిరాత ఎవరిది అన్నాడు. నాది అన్నాను. అల్లా మీ చేతుల్ని చల్లగా చూడాలి చెల్లెమ్మా అన్నాడు.

నాకు భయం వేసింది. పొగిడినందుకు.

ఫిబ్రవరి 13, మంగళవారం

విషయం ఉస్తాద్ చెప్పాడు. అబూ నవార్ చెప్పడు, అలాంటివాళ్ళు నోటితో ఏమీ చెప్పరు.

కొడుకు మా కాలేజీలో చదివినట్టు ఉండాలి. మా కాలేజీయే ఎందుకంటే అది ఊరికి దూరంగా ప్రయోగ క్షేత్రంలో ఉంది. చదివినవాళ్ళందరూ పల్లెటూరి వాళ్ళు, చదువై తిరిగి పల్లెలకే పోయారు. డాక్టర్లయితే నోరున్నవాళ్ళు, లాయర్లు సరేసరి, మీ వాళ్ళు గోధుమల్తో తప్ప మాట్లాడరు అని ఉస్తాద్ అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో తెలియలేదు.

అసలు ఇబ్బంది ఉస్తాద్ పెట్టిన పద్ధతే. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో దొంగ పట్టా పుట్టించారని ఆయన ఒక కట్టుబాటు చేశాడు. పేజీకి ఇరవై నాలుగు పేర్లు. కింద ముగింపు గీత. గీత కింద ‘ఇరవై నాలుగు పేర్లు మాత్రమే’ అని అక్షరాల్లో. దాని మీద సీలు. మొత్తం ఎందరో గెజిట్‌లో అచ్చవుతుంది. సర్టిఫికెట్ మీద ఉండే నంబరు, రిజిస్టర్‌లో ఉండే నంబరు ఒకటే. ఒక పేరు చేర్చాలంటే ఒక పేరు పోవాలి. మనిషికి మనిషి. ఇంకో దారి లేకుండా ఆయనే అన్ని కిటికీలూ మూసేశాడు.

దేశంలో ఇంత గట్టి రిజిస్టర్ ఇంకెక్కడా లేదమ్మాయీ అన్నాడు. గర్వంగా మొదలుపెట్టి, చివర్లో రిజిస్టర్ మూసేశాడు.

పదిలోపు నంబరు కావాలట. మొదటి మూడు వద్దట, వాళ్ళ ఫొటోలు అప్పట్లో పేపర్లో పడ్డాయి. నాలుగు నుంచి పది. ఎవరిని తీయాలో నన్నే చెప్పమన్నారు. నీ క్లాసువాళ్ళు కదా, ఎవరి గురించి ఎవరూ అడగరో నీకే తెలుస్తుంది అని. శనివారం లోపు ఒక చీటీ మీద ఒక అంకె.

వేరే ఎవరైనా చెప్పకూడదా అన్నాను. ఉస్తాద్ సోబా పొయ్యిలోకి చూస్తూ, చెప్పచ్చు, అప్పుడు నువ్వెందుకు చెప్పనన్నావో కూడా నిన్ను వాళ్ళే అడుగుతారు అన్నాడు.

ఫిబ్రవరి 14, బుధవారం

ఎవరితోనూ చెప్పుకోలేను. ఈ నోటుబుక్కుని శనగల డబ్బాలో పెడుతున్నాను.

ఫిబ్రవరి 15, గురువారం. మధ్యాహ్నం మూడు

నాలుగు నుంచి పది. కాగితం మీద రాయకుండా వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను.

నాలుగు, రబాబ్. నా రూమ్మేటు. పెళ్ళి చేసుకుని అల్జీరియా వెళ్ళిపోయింది. మూడేళ్ళుగా ఉత్తరం లేదు.

ఐదు, గవర్నర్ మేనల్లుడు. వద్దు.

ఆరు, ఇప్పుడు సైన్యంలో కెప్టెన్. వద్దు.

ఎనిమిది, తురాద్. చనిపోయాడు, ట్రాక్టర్ బోల్తా పడి. ముందు ఇతనే అనుకున్నాను. చచ్చినవాడికి డిగ్రీ ఎందుకు. కానీ ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. సమాధి రాయి మీద ఇంజనీర్ తురాద్ అని చెక్కించారట. వాళ్ళ తెగ నాలుగువేల గడప. రిజిస్టర్ మార్చగలం, ఆ రాయి మీద చెయ్యి వేస్తే తుపాకులు లేస్తాయి అన్నాడు.

తొమ్మిది, పది, కవలలు. పెద్దాయన సొంత జిల్లావాళ్ళు.

మిగిలింది నాలుగు.

ఏడుని లెక్కలోకి తీసుకోలేదు. కావాలనే అని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

చీటీ మీద 4 వేశాను. ఎంత తేలిగ్గా వేశానో. మొదటి ఏడాది నాకు చెంచాతో తినడం రాకపోతే మెస్సులో అందరూ నవ్వేవారు. రబాబ్ తన చెంచా పక్కన పెట్టి నాతోపాటు చేత్తో తినేది. అయినా వేశాను. అల్జీరియా చాలా దూరం కదా అనుకున్నాను.

ఫిబ్రవరి 16, శుక్రవారం

సెలవు. రబాబ్ వాళ్ళమ్మని చూడ్డానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే సరిగ్గా తెలియదు. రబాబ్ అక్కడ బాగా స్థిరపడింది, ఇంక ఆ కాగితంతో పని లేదు అని ఎవరైనా అంటే వినాలని కాబోలు.

ఉమ్మ్ రబాబ్ తలుపు తీస్తూనే నా రెండు బుగ్గలూ పట్టుకుంది. అయ్యో చిక్కిపోయావే, ఆ ఆఫీసు వాళ్ళు కాగితాలే పెడుతున్నారా నీకు తినడానికి అంది. వంటింట్లోకి లాక్కెళ్ళింది. బియ్యం కూరిన గుమ్మడికాయలు పెట్టింది. సంతాపం రోజుల్లో ఇంత వంటేమిటి అన్నాను. చనిపోయినాయన నా కడుపు మాడ్చుకోమని రాసిపెట్టలేదులే అంది.

ఆ తర్వాత చెప్పింది. రబాబ్‌కి అక్కడ బాగోలేదట. భర్త ఇంకో పెళ్ళి చేసుకున్నాడట. వేసవిలో పిల్లతో వచ్చేస్తోంది. నాకు దిగుల్లేదమ్మా, దాని చేతిలో డిగ్రీ ఉంది, వచ్చి ఉద్యోగం చూసుకుంటుంది, ఒకళ్ళ కాళ్ళ దగ్గర పడి ఉండక్కర్లేదు అంది. రాగానే సర్టిఫికెట్ నకలు తీయించాలి, నీ ఆఫీసే కదా, నువ్వు చూసుకుంటావుగా అంది.

చూసుకుంటాను పిన్నీ అన్నాను.

చీటీ నా సంచిలోనే ఉంది. తింటున్నంతసేపూ సంచి ఒళ్ళోనే పెట్టుకున్నాను.

దారిలో నా వైపు లెక్క కూడా చూశాను. నా గురించి ఎవరు అడుగుతారు. అమ్మ లేదు. అన్నదమ్ములు లేరు. నాన్నకి చదవడం రాదు, మా ఊళ్ళో గట్టిగా మాట్లాడే తెగ కాదు మాది. ఉద్యోగం ఉస్తాద్ దగ్గరే. ఆయనకి నేను ఎవరో తెలుసు, ఏం చదివానో తెలుసు. కాగితం పోతే చదువు పోతుందా. నేల గురించి, నీటి గురించి నాకు తెలిసింది తల్లోనే ఉంటుంది కదా.

ఇలా రాస్తే గొప్పగా ఉంది. నిజానికి గొప్ప ఏమీ లేదు. ఎవరి గురించి ఎవరూ అడగరు అన్న ప్రశ్నకి సరైన జవాబు రాశాను, అంతే. పరీక్షల్లో ఎప్పుడూ అలాగే రాసేదాన్ని.

ఫిబ్రవరి 17, శనివారం

కొత్త చీటీ ఇచ్చాను. ఉస్తాద్ విప్పి చూసి కళ్ళజోడు తీశాడు, తుడిచాడు, మళ్ళీ చూశాడు. పిచ్చిపిల్లా అన్నాడు. చీటీ నాకు తిరిగి ఇవ్వబోయాడు. నేను తీసుకోలేదు. ఆయనా బలవంతం చేయలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాకు పన్నెండు నెలల్లో రిటైర్మెంటు, అప్పటిదాకా నిన్ను ఎవరూ కదపకుండా చూస్తాను అన్నాడు. ఆయన ముఖంలో బాధ ఉంది. దాని కింద కొంచెం తేలిక కూడా ఉంది. దాన్ని దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు.

ఫిబ్రవరి 18, ఆదివారం

అబూ నవార్ సంతోషించాడు. తెలివైన చెల్లెలు అన్నాడు. ఏం కావాలో అడగమన్నాడు. నాన్నకి తెలియకూడదు అన్నాను. అదెంత పని అన్నాడు. కానీ సర్టిఫికెట్ కావాలన్నాడు, ఒకే నంబరు మీద రెండు కాగితాలు ఉండకూడదు కదా. మా మనుషుల్ని పంపమంటారా, మీరే తెస్తారా.

నేనే తెస్తానన్నాను.

ఫిబ్రవరి 21, బుధవారం. ఐన్ జర్దా

నిన్న మధ్యాహ్నానికి చేరాను. నాన్న పత్తి మోళ్ళు పీకుతున్నాడు. నన్ను చూసి, పనిమధ్యలో వచ్చావేంటి ఇంజనీరమ్మా, అక్కడ దేశం మునిగిపోతే ఇక్కడ పంటకి నీళ్ళు పెట్టడానికొచ్చావా అన్నాడు.

రెండేళ్ళలో బాగా వంగిపోయాడు. వంట నేను చేస్తానంటే చేయనివ్వలేదు. పెరుగు పులుసు తనే కాచాడు. ఉప్పు ఎక్కువైంది. ఇద్దరం ఏమీ అనుకోకుండా తిన్నాం.

సర్టిఫికెట్ ఎందుకు అన్నాడు. ప్రమోషన్ ఇస్తారట, అసలు కాగితం చూపించాలట అన్నాను. దారంతా ఆ వాక్యం నేర్చుకుంటూ వచ్చాను. నాన్న లేచాడు. పరుపుల దొంతర కిందనుంచి అమ్మ పెళ్ళి శాలువా తీశాడు. దాని మడతల్లో ఉంది. కాగితానికి లవంగాల వాసన. పురుగు పట్టకుండా ప్రతి చలికాలం కొత్త లవంగాలు పెడతాడట.

వచ్చిన ప్రతివాడికీ చూపిస్తాను బిడ్డా, కానీ ముట్టుకోనివ్వను, దూరంనుంచే అన్నాడు.

ఆ తర్వాత అసలు మాట వచ్చింది. కొత్తాయన కూడా మీ కాలేజీయేనట కదా, రేడియోలో చెప్పారు, మీ బ్యాచేనట కదా అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. నువ్వెప్పుడూ చెప్పలేదేమే.

పెద్దవాళ్ళ పిల్లలు కదా నాన్నా, మాతో కలిసేవాళ్ళు కాదు అన్నాను.

ఎక్కడ కూర్చునేవాడు?

వెనక బెంచీలో.

చదివేవాడా?

పరవాలేదు.

నా బిడ్డకన్నా బాగా చదివాడా?

ఇదొక్కటి మాత్రం ఆలోచించకుండా చెప్పాను. లేదు నాన్నా.

నాన్న తొడ చరుచుకుని నవ్వాడు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. బావి దగ్గర ఆడవాళ్ళు నా చుట్టూ మూగారు. పొడుగ్గా ఉంటాడా, కాపీ కొట్టేవాడా, నిన్నెప్పుడైనా చూశాడా అని ఒకటే పోరు. చూసే ఉంటాడు, ఈ బక్కదాన్ని చూసే పెళ్ళంటే భయపడి ఇంకా చేసుకోలేదు అందొకత్తె. అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. లేని మనిషికి నేనే ఒక రంగు చొక్కా తొడిగాను, ఒక పాత సైకిల్ కూడా ఇచ్చాను. నాకు ఇంత బాగా అబద్ధం చెప్పడం వచ్చని తెలియదు.

ఈ పొద్దున బస్సు దగ్గర నాన్న ఒక మూట ఇచ్చాడు. ఎండబెట్టిన పెరుగు ఉండలు. మీ ఉస్తాద్‌కి, నీకు ప్రమోషన్ ఇస్తున్నందుకు.

ఫిబ్రవరి 24, శనివారం

రాశాను.

అదే కంపెనీ కాగితం ఉస్తాద్ బీరువా అడుగునుంచి తీశాడు. సిరాలో రెండు చుక్కలు టీ కలిపాం, నాలుగేళ్ళకి వెలిసిన రంగు రావడానికి. గది తలుపు మూసి, బయట అబూ నవార్ మనిషి ఒకడు కూర్చున్నాడు.

ఒకటి నుంచి ఆరు. రబాబ్ పేరు రాస్తున్నప్పుడు చెయ్యి బాగానే ఉంది. ఏడో గీత దగ్గర పెద్దాయన కొడుకు పేరు, తండ్రి పేరు, తాత పేరు, తల్లి పేరు. తల్లి పేరు నాకు తెలియదు, ఎవరికీ తెలియదు, అబూ నవార్ ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. దేశానికి తెలియని ఆ పేరు నా చేత్తో రాశాను. ఎనిమిది నుంచి ఇరవై నాలుగు. గీత. ఇరవై నాలుగు పేర్లు మాత్రమే.

ఉస్తాద్ లెక్కపెట్టాడు. అలవాటు. వేలు పెట్టి పైనుంచి కిందకి, కిందనుంచి పైకి. సరిగ్గా ఉన్నాయి అన్నాడు. సీలు వేశాడు.

పాత పేజీ, నా సర్టిఫికెట్ సోబాలో వేశారు. పేజీ వెంటనే అంటుకుంది. సర్టిఫికెట్ మందం, కాసేపు వంకర్లు తిరిగింది. గదంతా లవంగాల వాసన వచ్చింది. అబూ నవార్ ఈ వాసన ఏమిటి అన్నాడు.

ఫిబ్రవరి 27, మంగళవారం

పేపర్లో మొదటి పేజీలో వేశారు. మన ఇంజనీర్ అని పైన పెద్ద అక్షరాలు, కింద రిజిస్టర్ పేజీ ఫొటో. నా చేతిరాత. ఏడో గీత చుట్టూ ఎర్ర సున్నా.

సిత్ వర్దా కళ్ళ దగ్గరగా పెట్టుకుని చూసింది. చదివాడో లేదో గానీ రాసినవాడి చెయ్యి మాత్రం బంగారం అంది. ఆ తర్వాత నా వైపు చూసింది. నేను గ్యాస్ బిల్లు మీద నా పేరు రాయడం ఆవిడ నెలనెలా చూస్తుంది. పేపర్ మడిచి కిటికీ మీద పెట్టింది. కొంచెం సేపటికి ఒక పళ్ళెంలో వేడి పప్పు తెచ్చి నా తలుపు దగ్గర పెట్టి వెళ్ళింది.

మార్చి 1, గురువారం

పేపర్ పల్లెలకి రెండు రోజులు ఆలస్యంగా వెళ్తుంది. అది నేను ఆలోచించలేదు. అసలు పేపర్లో వేస్తారనే ఆలోచించలేదు.

పదకొండు గంటలకి ఆఫీసుకి ఫోను వచ్చింది. మా ఊరి కిరాణా కొట్టు నంబరు. నాన్న జీవితంలో మూడోసారి ఫోను చేయడం. ఫోన్లో ఎప్పుడూ అరుస్తాడు. ఈ రోజు అరవలేదు.

స్కూలు మాష్టారు పేపర్ చదివి వినిపించాడు బిడ్డా అన్నాడు. నీ పేరు వస్తుందని అందరం కూర్చున్నాం. ఒకటి నుంచి మొదలుపెట్టి చదివించాం. ఏడు దగ్గర ఆయన పేరు ఉందట. నీది ఏడు అన్నావు కదా?

కొట్టులో వెనకాల మనుషుల గొంతులు వినపడుతున్నాయి. ఇటుపక్క లైన్లో సన్నగా ఊపిరి లాంటి చప్పుడు. యూనివర్సిటీ ఫోన్లలో ఎప్పుడూ ఉంటుంది.

చెప్పాలనుకున్నాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట తర్వాత నాన్న ఉన్న కొట్టు ముందు ఏ జీపు ఆగుతుందో కూడా కనిపించింది.

నాది రెండో పేజీ నాన్నా అన్నాను. అది పేపర్లో వేయలేదు. నాది ఇరవై ఏడు.

నాన్న ఇరవై ఏడు అన్నాడు. మళ్ళీ, సరేలే తల్లీ, ఇరవై ఏడూ మంచిదే. ఏడు అని గుర్తు. చేతి వేళ్ళు ఐదూ, ఈ చేతివి రెండూ అని లెక్కపెట్టుకున్నట్టు గుర్తు. ముసలాణ్ణి, మర్చిపోయుంటాను అన్నాడు.

వెనకనుంచి ఎవరో ఏదో అన్నారు. నవ్వు వినిపించింది. నాన్న ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు. తర్వాత, కాగితం తిరిగి ఇచ్చారా బిడ్డా అని అడిగాడు.

ఇంకా లేదు నాన్నా.

ఇస్తారా?

ఇస్తారు.

సరే. జాగ్రత్త. ఉస్తాద్‌కి పెరుగు ఉండలు నచ్చాయా?

చాలా నచ్చాయన్నాను. ఆ మూట నా బల్ల సొరుగులోనే ఉంది. ఆయనకి ఇవ్వడానికి నా చేతులు రాలేదు.

నాన్న ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. నేను చదవనే లేదని అనుకోవడం లేదు. తనకి గొప్పగా కనబడాలని ఏడు అని అబద్ధం చెప్పానని అనుకుంటున్నాడు. ఆ అబద్ధాన్ని నలుగురిలో తన మీద వేసుకున్నాడు.

మార్చి 5, సోమవారం

ఉస్తాద్‌కి ముందే రిటైర్మెంటు ఇచ్చేశారు. గౌరవ పతకంతో. వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, సిరా బుడ్డి మూత సరిగ్గా పెట్టలేదు అమ్మాయీ అన్నాడు. మూత పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 7, బుధవారం

కొత్త రిజిస్ట్రార్ నా ఫైలు తెప్పించుకున్నాడు. ఇంజనీర్ గ్రేడులో ఉన్నావు, డిగ్రీ ఎక్కడ అన్నాడు. మర్యాదగానే అడిగాడు, ఆయనకి నిజంగా తెలియదు. రిజిస్టర్ తెప్పించి నా ముందే వెతికాడు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. నేనూ ఆయనతోపాటు వెతికాను. లేదమ్మా అన్నాడు. ఫైల్లో స్కూలు కాగితాలు కూడా లేవు. ఎవరో శుభ్రంగా పని చేశారు. చివరికి మిగిలింది మా కుటుంబ పత్రం ఒక్కటే, నేను పుట్టినప్పుడు రాయించింది.

రేపటినుంచి రావక్కర్లేదు. ఇన్నాళ్ళూ ఎలా పని చేశావో నేను పైకి రాయను, నీ మంచికే అన్నాడు. థాంక్స్ చెప్పాను.

మార్చి 11, ఆదివారం

వాన. నేల శాస్త్రం పుస్తకం తీసి మొదటినుంచి చదివాను. అంతా గుర్తుంది. ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, అయినా పైకి చదివాను.

మార్చి 14, బుధవారం

రబాబ్ ఉత్తరం రాసింది. మూడేళ్ళ తర్వాత. జూన్‌లో వస్తోందట. మన బ్యాచ్‌లో ఆయన ఎవరే, నాకసలు గుర్తే లేడు, నీకు గుర్తున్నాడా అని అడిగింది. చివర్లో, నువ్వు ఏడు కదా, నేను పొరపాటు పడుతున్నానా అని.

జవాబు రాయలేదు. ఉత్తరాన్ని స్టవ్ మీద కాల్చాను. ఆమె మంచికి.

మార్చి 19, సోమవారం

నలభై రోజులు దాటాయి. కొత్తాయన కావాలా వద్దా అని ఈ రోజు దేశమంతా ఓటు. సిత్ వర్దాతో కలిసి వెళ్ళాను. వెళ్ళకపోతే ఇంటికి వస్తారు.

జాబితాలో నా పేరు పక్కన, చదువు అన్న గడిలో, లేదు అని ఉంది. సంతకం చేయడానికి కలం అందుకోబోయాను. బల్ల వెనక కూర్చున్న కాలేజీ అమ్మాయి ఆపింది. నీకు ఇక్కడ వేలిముద్ర అని రాసుంది అక్కా అంది. తర్వాత నాకు అర్థమయ్యేలా గట్టిగా, నెమ్మదిగా చెప్పింది. ఆకుపచ్చ గుండ్రం అంటే అవును. నల్ల గుండ్రం అంటే కాదు.

నా బొటనవేలు తన చేతిలోకి తీసుకుని సిరాలో ముంచింది. పిల్లలకి మొదటి అక్షరం దిద్దించినట్టు, చాలా జాగ్రత్తగా, అద్దించింది.